బిల్లు ఇప్పుడు ఎక్కడుంది? లోక్‌సభ, రాజ్యసభల మధ్య ఒక బిల్లు జాడ పట్టడం ఎలా

‘కొత్త బిల్లుకు కేబినెట్ పచ్చజెండా’, ‘లోక్‌సభ ఆమోదం’, ‘రాజ్యసభలో రభస’, ‘రాష్ట్రపతి ఆమోదముద్ర’. ఒకే బిల్లు మీద కొన్ని నెలల వ్యవధిలో ఈ శీర్షికలన్నీ వస్తాయి. ప్రతిసారీ చట్టం వచ్చేసిందనే అనిపిస్తుంది. నిజానికి చివరి శీర్షిక వచ్చిన రోజున కూడా ఆ చట్టం అమల్లోకి వచ్చి ఉండకపోవచ్చు. ఉద్యోగానికో వ్యాపారానికో పరీక్షకో ఒక బిల్లును గమనించాల్సిన వాళ్లు వార్తల మీద ఆధారపడితే తడబడతారు. బిల్లు ఏ మెట్టు మీద ఉన్నా అక్కడ ఒక కాగితం పుడుతుంది. ఆ కాగితాన్ని పట్టుకుంటే చాలు.

రెండు సభల లెక్క ముందుగా గుర్తుపెట్టుకోవాలి, ఓట్ల దగ్గర ఇదే పనికొస్తుంది. లోక్‌సభలో ఇప్పుడు 543 స్థానాలు, అందరూ ప్రజలు నేరుగా ఎన్నుకున్నవాళ్లే. రాజ్యసభలో 245: రాష్ట్రాల ఎమ్మెల్యేలు, శాసనసభలున్న కేంద్రపాలిత ప్రాంతాల ఎమ్మెల్యేలు ఎన్నుకునేవాళ్లు 233, రాష్ట్రపతి నామినేట్ చేసేవాళ్లు 12. ఆంధ్రప్రదేశ్ వాటా 11, తెలంగాణ వాటా 7. లోక్‌సభ అయిదేళ్లకో, అంతకుముందో రద్దవుతుంది. రాజ్యసభకు రద్దన్నది లేదు. సభ్యుల పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు. లోక్‌సభలో భారీ మెజారిటీతో వచ్చిన ప్రభుత్వానికి కూడా రాజ్యసభలో బలం చాలకపోవడానికి కారణం ఇదే. అక్కడ కూర్చున్నవాళ్లలో చాలామంది అంతకుముందు జరిగిన రాష్ట్రాల ఎన్నికల బలాబలాలతో వచ్చినవాళ్లు.

బిల్లు ప్రతిని చదివే పద్ధతి

పార్లమెంటు అధికారిక వెబ్‌సైటు ‘డిజిటల్ సంసద్’లో రెండు సభలకూ బిల్లుల విభాగం ఉంటుంది. బిల్లు దొరకగానే ముందు నంబరు చూడండి. మామూలు అంకెల్లో ఉంటే లోక్‌సభలో పుట్టిన బిల్లు, రోమన్ అంకెల్లో ఉంటే రాజ్యసభలో పుట్టింది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, లోక్‌సభ రద్దయితే ఆ బిల్లు బతికుంటుందా లేదా అన్నది తేల్చడంలో ఇదీ ముఖ్యమే. తర్వాత మొదటి పేజీ పైభాగంలోని వాక్యం చూడాలి: ‘లోక్‌సభలో ప్రవేశపెట్టిన ప్రకారం’, ‘లోక్‌సభ ఆమోదించిన ప్రకారం’, ‘ఉభయసభలు ఆమోదించిన ప్రకారం’ అని రకరకాలుగా ఉంటుంది. సామాజిక మాధ్యమాల్లో చక్కర్లు కొట్టే ప్రతులు చాలావరకు ప్రవేశపెట్టినప్పటివి. సవరణలు జరిగాక క్లాజులు (బిల్లులోని నిబంధనలు, చట్టమయ్యాక వీటినే సెక్షన్లంటారు) మారతాయి, కొన్నిసార్లు వాటి నంబర్లూ మారతాయి. పాత ప్రతిలోని క్లాజు నంబరుతో కొత్త చట్టం గురించి వాదిస్తే అక్కడే పప్పులో కాలేసినట్టు.

ఇక బిల్లును వెనక నుంచి చదవడం మంచిది. క్లాజుల తర్వాత ‘ఉద్దేశాలు, కారణాల ప్రకటన’ ఉంటుంది. ప్రభుత్వం ఏం చేయదలచుకుందో అందులో సాదా భాషలో రాస్తుంది. ఖర్చయ్యే బిల్లయితే ‘ఆర్థిక మెమొరాండం’ ఉండాలి. దాని తర్వాత వచ్చేది ‘దత్తాధికార శాసనం మీద మెమొరాండం’. ఏయే విషయాలను చట్టంలో రాయకుండా, తర్వాత రూల్స్ ద్వారా తేల్చుకుంటామని ప్రభుత్వం చెబుతోందో ఆ జాబితా ఇందులో ఉంటుంది. చాలామంది తిప్పేసే ఈ పేజీనే అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాలి. ఫీజు ఎంత, గడువు ఎన్ని రోజులు, ఏ అధికారికి దరఖాస్తు పెట్టుకోవాలి అనే సంగతులు సాధారణంగా రూల్స్‌కే వదిలేస్తారు. అలాంటప్పుడు బిల్లును ఎంత వెతికినా అవి దొరకవు.

సవరణ బిల్లయితే ఇంకో చిక్కు. ‘ఫలానా సెక్షన్‌లో ఫలానా మాటలకు బదులు ఫలానా మాటలు ఉంచాలి’ అని మాత్రమే ఉంటుంది, విడిగా చదివితే తలాతోకా అర్థం కాదు. అందుకే చివర్లో అనుబంధంగా పాత చట్టంలోని సంబంధిత సెక్షన్లను అచ్చేస్తారు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి.

ఇది ఏ కోవకు చెందిన బిల్లు?

ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా ముందుకు పోతే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి. రాజ్యసభకు ఎంత బలం ఉంటుందో తేల్చేది బిల్లు కోవే.

సాధారణ బిల్లు ఏ సభలోనైనా మొదలు కావచ్చు. రెండు సభలకూ సమాన అధికారం. హాజరై ఓటేసినవాళ్లలో సగానికి పైగా మద్దతుంటే చాలు. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు కూడా ఈ మెజారిటీతోనే గట్టెక్కింది. కొత్త రాష్ట్రం ఏర్పాటుకు రాజ్యాంగంలోని 3వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి సిఫార్సు కావాలి, సంబంధిత శాసనసభ అభిప్రాయం కోసం బిల్లును పంపాలి. అంతేగానీ ఆ అభిప్రాయానికి పార్లమెంటు కట్టుబడనక్కరలేదు, రాజ్యాంగ సవరణకు కావలసిన మెజారిటీ కూడా అక్కరలేదు. 2014లో శాసనసభ తిప్పికొట్టిన బిల్లు మూడు వారాల్లోనే రెండు సభలూ దాటింది ఇందువల్లే.

ద్రవ్య బిల్లు లోక్‌సభలోనే, రాష్ట్రపతి సిఫార్సుతోనే రావాలి. 110వ అధికరణంలో చెప్పిన విషయాలు మాత్రమే అందులో ఉండాలి: పన్నులు, ప్రభుత్వ అప్పులు, సంచిత నిధి (ప్రభుత్వ ప్రధాన ఖజానా) నుంచి సొమ్ము తీయడం వంటివి. ఇది ద్రవ్య బిల్లేనని స్పీకర్ ధ్రువీకరించి, బిల్లు రాజ్యసభకు వెళ్లేటప్పుడు దాని మీద ఆ ధ్రువీకరణ రాస్తారు. రాజ్యసభ 14 రోజుల్లో సిఫార్సులతోనో, సిఫార్సులు లేకుండానో తిప్పి పంపాలి. పంపకపోతే గడువు ముగియగానే రెండు సభలూ ఆమోదించినట్టే. సిఫార్సులు తీసుకోవడమా మానడమా అన్నది లోక్‌సభ ఇష్టం. 2016 మార్చి 16న ఆధార్ బిల్లు మీద రాజ్యసభ అయిదు సవరణలు సూచిస్తే లోక్‌సభ అదే రోజు అన్నిటినీ తోసిపుచ్చింది. అది ద్రవ్య బిల్లు అవుతుందా అన్న వివాదం సుప్రీంకోర్టుకెళ్లింది. 2018లో ధర్మాసనం 4–1తో సమర్థించింది, 2019లో మరో కేసులో ద్రవ్య బిల్లు నిర్వచనాన్నే ఏడుగురు జడ్జిల ధర్మాసనానికి నివేదించారు. కాబట్టి రాజ్యసభలో ప్రభుత్వానికి బలం తక్కువున్న రోజుల్లో ఏ బిల్లు మీదనైనా మొదట వెతకాల్సింది స్పీకర్ ధ్రువీకరణ ఉందా అని.

ద్రవ్య బిల్లునూ ఆర్థిక బిల్లునూ ఒకటిగా అనుకోవడం మామూలు పొరపాటు. పన్ను విషయాలతో పాటు వేరే విషయాలు కూడా కలిసిన ఆర్థిక బిల్లు 117(1) అధికరణం కిందకు వస్తుంది. దాన్ని కూడా లోక్‌సభలోనే, రాష్ట్రపతి సిఫార్సుతోనే ప్రవేశపెట్టాలి. అయితే రాజ్యసభ దాన్ని సవరించవచ్చు, తిరస్కరించవచ్చు.

ఇక రాజ్యాంగ సవరణ బిల్లు. దీనికి రెండు పరీక్షలు ఒకేసారి నెగ్గాలి, అదీ ఏ సభకా సభలో విడివిడిగా: మొత్తం సభ్యత్వంలో సగానికి పైగా, హాజరై ఓటేసినవాళ్లలో కనీసం మూడింట రెండొంతులు. ఖాళీలున్నా మొత్తం సభ్యత్వంలో కలిపే లెక్కిస్తారు కాబట్టి మొదటి పరీక్షకు లోక్‌సభలో 272, రాజ్యసభలో 123 ఓట్లు తప్పనిసరి. రెండో పరీక్ష ఆ రోజు ఓటేసినవాళ్ల సంఖ్యను బట్టి మారుతుంది. అందరూ ఓటేస్తే లోక్‌సభలో 362, రాజ్యసభలో 164 కావాలి. సభలో ఉండి కూడా ఏ బటనూ నొక్కని సభ్యుడు, లేదా తటస్థంగా ఉన్న సభ్యుడు ఈ రెండో లెక్కలోకి రాడు. అందువల్ల ఒక పార్టీ ఓటింగ్‌కు దూరంగా ఉంటే అవసరమయ్యే ఓట్లు తగ్గుతాయి. ‘వ్యతిరేకించలేదు, దూరంగా మాత్రమే ఉన్నాం’ అని ఏ పార్టీ అయినా చెబితే ఈ కోణంలో చూడండి.

జమిలి ఎన్నికల కోసం 129వ రాజ్యాంగ సవరణ బిల్లును 2024 డిసెంబర్ 17న లోక్‌సభలో ప్రవేశపెట్టినప్పుడు 269 మంది అనుకూలంగా, 198 మంది వ్యతిరేకంగా ఓటేశారు. మూడింట రెండొంతులు రాలేదు కాబట్టి బిల్లు వీగిపోయిందని ఆ సాయంత్రం చాలామంది రాశారు. ఆ రోజు జరిగింది ప్రవేశపెట్టడానికి అనుమతి మీద ఓటింగ్. దానికి సాధారణ మెజారిటీ చాలు. ప్రత్యేక మెజారిటీ, అంటే పైన చెప్పిన రెండు పరీక్షలు, అవసరమయ్యేది పరిశీలన, క్లాజులు, తుది ఆమోదం దగ్గర. అదే సంఖ్యలో సభ్యులు ఓటేస్తే అప్పుడు 312 కావాలి. బిల్లు సంయుక్త పార్లమెంటరీ సంఘానికి వెళ్లింది.

సభలో నడిచే మూడు పఠనాలు

పఠనం అన్నారు కదా అని బిల్లును ఎవరూ చదివి వినిపించరు. మొదటి పఠనం అంటే ప్రవేశపెట్టడమే. మంత్రి అనుమతి కోరతారు, సభ ఒప్పుకుంటే బిల్లు ప్రవేశపెట్టినట్టు, తర్వాత గెజిట్‌లో అచ్చవుతుంది. ఈ దశలో వ్యతిరేకించే సభ్యులు క్లుప్తంగా కారణం చెప్పవచ్చు. అసలు ఈ విషయం మీద చట్టం చేసే అధికారం పార్లమెంటుకు లేదన్నది అభ్యంతరమైతే స్పీకర్ పూర్తి చర్చకు అనుమతించవచ్చు. స్పీకర్ ఆదేశాల ప్రకారం ప్రవేశపెట్టడానికి కనీసం రెండు రోజుల ముందు బిల్లు ప్రతులు సభ్యులకు అందాలి. దీనికి మినహాయింపు ఇవ్వవచ్చు. అత్యవసరం పేరుతో ఆ మినహాయింపు తీసుకున్న బిల్లుల్లోనే సభ్యులు చదవకుండా ఓటేసే ప్రమాదం ఎక్కువ.

ఆ తర్వాత బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లవచ్చు, వెళ్లకపోనూ వచ్చు. మంత్రిత్వ శాఖలను పంచుకుని పనిచేసే స్థాయీ సంఘాలు 24 ఉన్నాయి. ఒక్కోదానిలో 31 మంది: లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. బిల్లును వీటికి పంపడం తప్పనిసరి కాదు, సంఘం సిఫార్సులు ప్రభుత్వాన్ని కట్టడి చేయవు. అయినా మొత్తం ప్రయాణంలో మామూలు పౌరుడికి తలుపు తెరుచుకునేది ఇక్కడే. సంఘం పత్రికా ప్రకటన ఇచ్చి అభిప్రాయాలు అడుగుతుంది. రాసేవాళ్లు క్లాజు నంబరు, అందులో ఇబ్బంది, దాని బదులు ఉండాల్సిన మాటలు అనే వరసలో రాస్తే అధికారులు ఆ క్లాజు కింద మీ మాటను చేర్చుకోగలుగుతారు. ‘ఈ బిల్లు రైతు వ్యతిరేకం, వెనక్కి తీసుకోవాలి’ అని మాత్రమే రాస్తే సంఖ్యలో ఒకటిగా మిగిలిపోతుంది. ప్రకటనలో ఇచ్చిన గడువు దాటాక పంపినవి పనికిరావని అనుకోవడమే మేలు.

సంఘం నివేదిక చివర్లో అసమ్మతి పత్రాలు ఉంటాయి. విపక్షం బిల్లును ఏ క్లాజు దగ్గర, ఏ కారణంతో వ్యతిరేకిస్తోందో టీవీ చర్చలకన్నా అందులోనే స్పష్టంగా తెలుస్తుంది.

రెండో పఠనం అసలు పని జరిగే చోటు, రెండు భాగాలుగా సాగుతుంది. ముందు ‘బిల్లును పరిశీలనకు తీసుకోవాలి’ అనే తీర్మానం మీద సాధారణ చర్చ. ఏ బిల్లుకు ఎన్ని గంటలన్నది సభా వ్యవహారాల సలహా సంఘం ముందే కేటాయిస్తుంది. ఆ సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. అందుకే ఒకరిద్దరు సభ్యులున్న పార్టీకి రెండు మూడు నిమిషాలకన్నా దొరకవు. బిల్లును సెలక్ట్ కమిటీకి (ఆ ఒక్క బిల్లు కోసమే వేసే సంఘానికి) పంపాలనో, ప్రజాభిప్రాయానికి పంపాలనో విపక్షం అడిగేదీ ఈ దశలోనే. తర్వాత క్లాజులవారీ పరిశీలన. సవరణకు కనీసం ఒక రోజు ముందు నోటీసు ఇచ్చి ఉండాలి. ‘2వ క్లాజు బిల్లులో భాగం కావాలి’ అంటూ ఒక్కోటీ ఓటుకు పెడతారు. పేరు, అమలు తేదీ ఉండే 1వ క్లాజునూ, దీర్ఘ శీర్షికనూ ఆఖరున తీసుకుంటారు. లోపలి మార్పులను బట్టి పేరు కూడా మారాల్సి రావచ్చు కదా.

మూడో పఠనంలో ‘బిల్లును ఆమోదించాలి’ అనే తీర్మానం ఒక్కటే. మాటల పొరపాట్లను సరిదిద్దే సవరణలు తప్ప ఇక ఏవీ కుదరవు.

ఓటింగ్ గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. బిల్లుల్లో ఎక్కువ భాగం మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. ‘అవును’ అన్నవాళ్లెవరో, ‘కాదు’ అన్నవాళ్లెవరో ఎక్కడా నమోదు కాదు. మీ ఎంపీ ఎటు ఓటేశారో తెలుసుకోవాలంటే ఆ బిల్లు మీద డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టి నమోదు చేసే ఓటింగ్, జరిగి ఉండాలి. సభాపతి నిర్ణయాన్ని ఏ సభ్యుడైనా సవాలు చేసి డివిజన్ కోరవచ్చు. లోక్‌సభలో గంట మోగుతుంది, మూడున్నర నిమిషాల తర్వాత లాబీలు ఖాళీ చేయించి మళ్లీ ప్రశ్న పెడతారు. సీట్లలోని బటన్లతో ఓటింగ్ జరుగుతుంది. తెర మీద మొదట కనిపించే అంకెలు తుది లెక్క కావు. యంత్రం పనిచేయనివాళ్లు, తప్పు బటన్ నొక్కినవాళ్లు చీటీల మీద రాసిచ్చాక సరిచేస్తారు. ఒకే ఓటింగ్‌కు రెండు పత్రికల్లో రెండు సంఖ్యలు కనిపించడానికి సాధారణంగా ఇదే కారణం. సభాకార్యకలాపాల్లో అచ్చయినదే సరైన లెక్క. సభ గందరగోళంగా ఉన్నప్పుడు డివిజన్ అడిగినా దక్కకపోవచ్చు. 2020 సెప్టెంబర్ 20న రెండు వ్యవసాయ బిల్లులు రాజ్యసభలో మూజువాణితో ఆమోదం పొందినప్పుడు విపక్షాల ప్రధాన ఫిర్యాదు అదే. రాజ్యాంగ సవరణలకు మాత్రం డివిజన్ తప్పదు, అంకెలు లేకుండా ప్రత్యేక మెజారిటీ తేలదు.

కోరం, అంటే సభ నడవడానికి ఉండాల్సిన కనీస హాజరు, సభ్యత్వంలో పదో వంతు: లోక్‌సభలో 55, రాజ్యసభలో 25. ఎవరో ఒకరు లేచి అడిగితేనే సాధారణంగా లెక్క పెడతారు కాబట్టి ఖాళీ సభలో చర్చ సాగుతున్న దృశ్యం కనిపిస్తే అది నియమాలకు విరుద్ధమని తొందరపడి అనకండి.

విప్ సంగతి కూడా ఇక్కడే. పార్టీ మూడు గీతల విప్ (తప్పక హాజరై చెప్పినట్టు ఓటేయాలనే ఆదేశం) ఇచ్చాక ధిక్కరించి ఓటేసినా, ఓటింగ్‌కు రాకపోయినా రాజ్యాంగం పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధం) కింద సభ్యత్వం పోవచ్చు. పార్టీ పదిహేను రోజుల్లోగా ఆ తప్పు మన్నిస్తే ఫరవాలేదు. చర్చలో ఎంత ఘాటుగా మాట్లాడినా ఓటు దగ్గరకొచ్చేసరికి పార్టీ సంఖ్యను పార్టీ సంఖ్యగానే లెక్కేసుకోవచ్చు.

రెండో సభలో నాలుగు దారులు

మొదటి సభ ఆమోదించిన బిల్లు సందేశంతో పాటు రెండో సభకు చేరుతుంది. అక్కడ ప్రవేశపెట్టడం ఉండదు, బల్ల మీద ఉంచుతారు. మిగతా మెట్లు మళ్లీ మామూలే. ఆ సభ బిల్లును ఉన్నదున్నట్టు ఆమోదించవచ్చు, సవరించి తిప్పి పంపవచ్చు, తిరస్కరించవచ్చు, లేదా ఏమీ చేయకుండా అట్టే పెట్టవచ్చు.

సవరించి పంపితే మొదటి సభ ఆ సవరణలను మాత్రమే చూస్తుంది, బిల్లును మొదటి నుంచి తిరగతోడదు. జీఎస్టీ బిల్లు ఇందుకు మంచి ఉదాహరణ. 122వ రాజ్యాంగ సవరణ బిల్లును లోక్‌సభ 2015 మే 6న ఆమోదించింది. రాజ్యసభ సెలక్ట్ కమిటీకి పంపింది. ఏడాదికి పైగా బేరసారాలు నడిచాయి. 2016 ఆగస్టు 3న సవరణలతో రాజ్యసభ ఆమోదించింది, 8న లోక్‌సభ ఆ సవరణలకు ఒప్పుకుంది. రాష్ట్రాల అధికారాలను తాకే సవరణ కాబట్టి కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా సరే అనాల్సి వచ్చింది. సెప్టెంబర్ 8న రాష్ట్రపతి సంతకంతో అది 101వ సవరణ చట్టమైంది. 122 ఎక్కడ, 101 ఎక్కడ అని తికమక పడకండి. బిల్లులకు ఒక వరస, చట్టాలకు ఇంకో వరస. మధ్యలో పోయిన బిల్లుల వల్ల తేడా పెరుగుతూ వస్తుంది.

రెండు సభలూ రాజీ పడకపోతే 108వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి ఉమ్మడి సమావేశం పిలవవచ్చు. మూడు సందర్భాల్లోనే: రెండో సభ తిరస్కరించినప్పుడు, సవరణల మీద ఇక ఏకాభిప్రాయం లేదని తేలినప్పుడు, బిల్లు అందాక ఆరు నెలలు దాటినా ఆమోదించనప్పుడు. ఈ ఆరు నెలలను క్యాలెండర్ చూసి లెక్కపెట్టకూడదు. సభ ప్రొరోగ్ అయిన (సమావేశాలు అధికారికంగా ముగిసి ఉన్న) కాలాన్నీ, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలాన్నీ తీసేయాలి. సమావేశాలు ఏడాదిలో కొన్ని వారాలే నడుస్తాయి కనుక ఈ ‘ఆరు నెలలు’ పూర్తి కావడానికి ఏడాదికి పైగా పడుతుంది. గడువు మించిందని ఎవరైనా రాస్తే ముందు ఈ తీసివేత చేశారా లేదా చూడండి.

ఉమ్మడి సమావేశానికి లోక్‌సభ స్పీకర్ అధ్యక్షత వహిస్తారు, లేకుంటే డిప్యూటీ స్పీకర్. రాజ్యసభ ఛైర్మన్ అయిన ఉపరాష్ట్రపతి వహించరు, ఆయన ఏ సభలోనూ సభ్యుడు కారు. హాజరై ఓటేసినవాళ్లలో సగానికి పైగా ఉంటే బిల్లు నెగ్గుతుంది. 543కూ 245కూ ఉన్న తేడా వల్ల లోక్‌సభలో గట్టి మెజారిటీ ఉన్న పక్షానిదే పైచేయి. కొత్త సవరణలకు మాత్రం పరిమితి ఉంది: రెండు సభలూ విభేదించిన అంశాలకు సంబంధించినవో, ఆలస్యం వల్ల అవసరమైనవో తప్ప కుదరవు.

చట్టం కోసం ఇలాంటి సమావేశం ఇప్పటికి మూడుసార్లే జరిగింది: 1961లో వరకట్న నిషేధ బిల్లు, 1978లో బ్యాంకింగ్ సర్వీస్ కమిషన్ రద్దు బిల్లు, 2002లో ఉగ్రవాద నిరోధక బిల్లు ‘పోటా’ కోసం. 1961లో అధ్యక్షత వహించింది స్పీకర్ మాడభూషి అనంతశయనం అయ్యంగార్. 2002 మార్చి 26 నాటికి స్పీకర్ స్థానం ఖాళీగా ఉంది. జీఎంసీ బాలయోగి ఆ నెల 3న హెలికాప్టర్ ప్రమాదంలో మరణించారు. డిప్యూటీ స్పీకర్ పీఎం సయీద్ సభ నడిపారు, పోటా 425–296తో నెగ్గింది. ద్రవ్య బిల్లులకూ రాజ్యాంగ సవరణలకూ ఈ దారి లేదు. రాజ్యాంగ సవరణను రాజ్యసభ ఒప్పుకోకపోతే అంతటితో సరి.

మన దగ్గర శాసనమండలి అనుభవం ఉంది కాబట్టి రాజ్యసభను కూడా అదే కొలతతో చూసే అలవాటు కనిపిస్తుంది. రెండింటికీ పోలిక లేదు. సాధారణ బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ పంపితే ఇంకో నెల ఆపగలదు, అంతే. రాష్ట్రంలో ఉమ్మడి సమావేశమే లేదు, చివరి మాట శాసనసభది. కేంద్రంలో రాజ్యసభ కాదంటే సాధారణ బిల్లు ఉమ్మడి సమావేశం దాకా పోవాల్సిందే. పైగా రాష్ట్ర జాబితాలోని అంశం మీద పార్లమెంటు చట్టం చేసేందుకు 249వ అధికరణం కింద తీర్మానం చేయగలిగేది, కొత్త అఖిల భారత సర్వీసుకు 312వ అధికరణం కింద దారి తెరవగలిగేది రాజ్యసభ ఒక్కటే. ప్రభుత్వాన్ని దించడం మాత్రం దాని చేతిలో లేదు. అవిశ్వాస తీర్మానం లోక్‌సభలోనే. పద్దుల మీద ఓటు కూడా లోక్‌సభదే, రాజ్యసభ చర్చించి ఊరుకుంటుంది.

లోక్‌సభ రద్దయితే ఏవి మురిగిపోతాయి?

సమావేశాలు ముగిసినంత మాత్రాన ఏ బిల్లూ పోదు. లోక్‌సభ రద్దయినప్పుడే లెక్క మారుతుంది. లోక్‌సభలో పెండింగ్‌లో ఉన్నవన్నీ పోతాయి, అవి రాజ్యసభలో పుట్టి అక్కడ ఆమోదం పొంది వచ్చినవైనా సరే. లోక్‌సభ ఆమోదించాక రాజ్యసభలో ఆగినవీ పోతాయి. రాజ్యసభలో పుట్టి ఇంకా లోక్‌సభ గడప తొక్కనివి నిలుస్తాయి. రాష్ట్రపతి సంతకం కోసం వెళ్లినవి, ఉమ్మడి సమావేశం పిలుస్తున్నట్టు అప్పటికే ప్రకటించినవి కూడా నిలుస్తాయి.

మహిళా రిజర్వేషన్ బిల్లు చరిత్ర ఈ నియమానికి నిలువెత్తు ఉదాహరణ. 2008లో దాన్ని కావాలనే రాజ్యసభలో ప్రవేశపెట్టారు, 2010 మార్చి 9న ఆ సభ ఆమోదించింది. లోక్‌సభకు వెళ్లి అక్కడ ఓటింగ్ జరగకుండానే 2014లో సభ రద్దుతో మురిగిపోయింది. రాజ్యసభలో ఆమోదం పొందకుండా ఉండిపోయి ఉంటే కాగితం మీదైనా బతికి ఉండేది. 2023లో కొత్త బిల్లు పెట్టి మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాల్సి వచ్చింది. సెప్టెంబర్ 19న ప్రవేశపెడితే 20న లోక్‌సభలో 454–2తో, 21న రాజ్యసభలో 214–0తో నెగ్గింది.

సంతకం తర్వాత

రాష్ట్రపతి సంతకం చేయవచ్చు, ఆపవచ్చు, పునఃపరిశీలనకు తిప్పి పంపవచ్చు. 2006లో లాభదాయక పదవుల బిల్లును అబ్దుల్ కలాం తిప్పి పంపారు. ఉభయసభలూ మళ్లీ ఆమోదించి పంపితే సంతకం చేయక తప్పదు, ఆయన చేశారు. సంతకానికి గడువేదీ 111వ అధికరణంలో లేదు. 1986 నాటి పోస్టాఫీసు సవరణ బిల్లు మీద జ్ఞానీ జైల్‌సింగ్ అటూ ఇటూ తేల్చకుండా ఉంచేశారు. ద్రవ్య బిల్లును తిప్పి పంపే వీలు లేదు. రాజ్యాంగ సవరణకు 1971 తర్వాత సంతకం తప్పనిసరి.

ఇక అసలు తేదీ. చట్టం 1వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ చదవండి. ‘కేంద్ర ప్రభుత్వం గెజిట్ నోటిఫికేషన్ ద్వారా నిర్ణయించే తేదీ నుంచి’ అని ఉంటే సంతకం అయినా చట్టం నిద్రలోనే ఉన్నట్టు. వేర్వేరు సెక్షన్లకు వేర్వేరు తేదీలు ఇచ్చే వీలు కూడా అక్కడే రాసి ఉంటుంది. తేదీ గురించి ఏమీ రాయకపోతే జనరల్ క్లాజెస్ చట్టం ప్రకారం సంతకమైన రోజు నుంచే అమలు. పునర్వ్యవస్థీకరణ చట్టానికి 2014 మార్చి 1న సంతకమైంది, రాష్ట్రం విడిపోయిన ‘నియమిత దినం’ జూన్ 2. పౌరసత్వ సవరణ చట్టానికి 2019 డిసెంబర్ 12న సంతకం, 2020 జనవరి 10 నుంచి అమలు. దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో చెప్పే రూల్స్ వచ్చింది మాత్రం 2024 మార్చి 11న.

వెతకాల్సిన చోటు ఈ-గెజిట్. అసాధారణ సంచికల్లో రెండో భాగం తీయండి: 1వ సెక్షన్‌లో చట్టాలు, ఆర్డినెన్సులు; 2వ సెక్షన్‌లో బిల్లులు; 3వ సెక్షన్ (i)లో రూల్స్, (ii)లో అమలు తేదీ ప్రకటించే నోటిఫికేషన్లు ఉంటాయి. కొత్త రూల్స్‌ను సాధారణంగా ఉభయసభల ముందు మొత్తం 30 రోజులు ఉంచాలని చట్టంలోనే ఉంటుంది. ఆ తర్వాతి సమావేశాలు ముగిసేలోపు రెండు సభలూ ఒప్పుకుంటే వాటిని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. ఈ అధికారాన్ని సభలు వాడేది చాలా అరుదు. కాబట్టి రూల్స్ ముసాయిదాను మంత్రిత్వ శాఖ వెబ్‌సైటులో పెట్టి అభ్యంతరాలు కోరినప్పుడే, అందులో ఇచ్చిన గడువు లోపల రాసి పంపడం మేలు.